రెండు శనివారాలు

గుడిలో ప్రసాదం లైన్లో నిలబడ్డా, ఎవరింట్లో పుట్టినరోజుకి వెళ్లినా, టెన్త్ గ్రేడ్ పిల్లలున్న తల్లులు నన్ను పక్కకి పిలిచి, ఇక్కడి అమెరికా కాలేజీ ప్రవేశాల గురించి అడిగేది ఒకటే. "మావాడి చేత శాట్ రాయించాలా, ఏసీటీ రాయించాలా?" ఇద్దరు పిల్లల్ని ఈ రేవు దాటించినదాన్ని కదా, నాకు తెలుస్తుందని. పెద్దాడి విషయంలో నేను చేసిన పొరపాటే ముందు చెబుతాను.

వాడు పదకొండులో ఉండగా ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు "రెండూ రాయించండి, ఏది బాగా వస్తే అది పంపొచ్చు" అన్నారు. ఎంసెట్‌కీ, ఐఐటీకీ కలిపి చదివిన తరం మాది. ఆ మాట సబబుగానే తోచింది. ఏడాదిలో ఆరు శనివారాలు పరీక్ష హాళ్లలో గడిచాయి. వాడు వయొలిన్ మానేశాడు. చాలా రోజుల తర్వాత అలమర సర్దుతుంటే వాడి ఏసీటీ ప్రాక్టీస్ ఆన్సర్ షీట్ దొరికింది. రీడింగ్‌లో సగందాకా గడి గడికీ చెరిపి దిద్దిన మరకలు. ఆఖరి తొమ్మిది ప్రశ్నలకీ నింపిన గళ్లు ఒకే నిలువు వరసలో ఉన్నాయి. టైం అయిపోయి కళ్లు మూసుకుని నింపేశాడన్నమాట. ప్రతి వాక్యం రెండుసార్లు చదివితే తప్ప ముందుకి కదలని పిల్లాడు వాడు, చిన్నప్పటి నుంచీ అంతే. అప్పటి ఏసీటీలో 35 నిమిషాల్లో 40 రీడింగ్ ప్రశ్నలు. ఆ కాగితాన్ని ఆ రోజే నిదానంగా చూసి ఉంటే, వాడికి శాట్ ఒక్కటీ చాలని నాకు తెలిసేది.

పేరున్న కాలేజీలు శాట్‌కే విలువిస్తాయన్న మాట మనవాళ్లలో బాగా నాటుకుపోయింది. నిజం కాదు. ఏసీటీ 1959లో అయోవాలో పుట్టింది కనక మధ్య రాష్ట్రాల్లో అదీ, రెండు తీరాల్లో శాటూ ఎక్కువగా రాసేవారు. ఆ పాత అలవాటే ఈ నమ్మకానికి మూలం. మార్కులు అడిగే కాలేజీలకి ఏది పంపినా ఒకటే. ఈ రెండు పరీక్షలూ పెట్టే సంస్థలు కలిసి 2018లో ఇచ్చిన పోలిక పట్టికలో ఏసీటీ 34 అంటే శాట్ 1500తో సమానం.

కాబట్టి చూడాల్సింది కాలేజీని కాదు, మీ బిడ్డని. శాట్ అమెరికాలో 2024 మార్చి నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే. 2 గంటల 14 నిమిషాల్లో 98 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 80 సెకన్ల పైమాటే. చదవాల్సిన పేరాలు చిన్నవి, పేరాకి ఒకటే ప్రశ్న. ఇంగ్లీషూ, లెక్కలూ చెరి రెండు భాగాలుగా వస్తాయి. మొదటి భాగం ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో, తేలిగ్గానో ఉంటుంది. ఇది పిల్లలకి ముందే చెప్పి పంపండి. రెండో భాగం గట్టిగా తగలగానే "పోయింది" అనుకుని నీరుగారిపోతారు. మొదటిది బాగా చేస్తేనే ఆ గట్టిది వస్తుంది.

ఏసీటీ 2025లో మారింది. సైన్స్ ఇప్పుడు ఐచ్ఛికం, మొత్తం స్కోరు ఇంగ్లీషు, లెక్కలు, రీడింగ్ మూడింటి నుంచే. మీ జాబితాలో ఏ కాలేజీ అయినా సైన్స్ కూడా కావాలంటుందేమో మాత్రం చూసుకోండి. ఆ మూడింటికీ 125 నిమిషాలు, 131 ప్రశ్నలు. పాతదానికన్నా ఊపిరాడుతుంది గానీ సగటున ప్రశ్నకి నిమిషం దక్కదు. పేరాలు పొడుగు, ఒక్కోదాని మీద చాలా ప్రశ్నలు. కాగితం మీదైనా రాయొచ్చు. మా చిన్నమ్మాయికి ఇదే కుదిరింది. శాట్ ప్రాక్టీస్ రాసిన రోజు కణతలు నొక్కుకుంటూ బయటికొచ్చి, "లెక్కలన్నీ మెలికలేనమ్మా" అంది. రెండు వారాల తర్వాత ఏసీటీ రాసి, "ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి, దోసె వేస్తావా?" అని అడిగింది. మాకు వేరే లెక్క అవసరం లేకపోయింది.

మీరూ అంతే చేయండి. రెండు శనివారాలు, మధ్య రెండు వారాలు ఎడం. పొద్దున్నే కూర్చోబెట్టి, ఫోన్ వేరే గదిలో పెట్టించి, అసలు టైమింగ్‌తో ఒక్కో పరీక్ష పూర్తిగా రాయించండి. శాట్‌కి బ్లూబుక్ యాప్‌లో, ఏసీటీకి వాళ్ల సైట్లో ప్రాక్టీస్ టెస్టులు ఉచితమే. కొత్త ఏసీటీదే తీసుకోండి. స్కోర్లు ఆ 2018 పోలిక పట్టికలో పెట్టి చూడండి. తేడా బాగా కనిపిస్తే తేలిపోయినట్టే. దగ్గరదగ్గరగా ఉంటే నిర్ణయం పిల్లలకే వదలండి, మీరు తీసుకోకండి. ఆ తర్వాత రెండో పరీక్ష ఊసెత్తకండి. చాలా కాలేజీలు వేర్వేరు తేదీల్లో వచ్చిన మంచి మార్కుల్ని కలిపి చూస్తాయి, అయితే ఒకే పరీక్షలోవి. శాట్ లెక్కలకి ఏసీటీ ఇంగ్లీషు కలిపే కాలేజీలు చాలా అరుదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిస్తే ఆ వెసులుబాటే పోతుంది.

ఏది ఎంచుకున్నా, అక్టోబరులో బడిలో పెట్టే పీశాట్ మానిపించకండి. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి పదకొండో గ్రేడ్‌లో రాసిన ఆ మార్కులే చూస్తారు.

అసలు పరీక్ష అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. ఎంఐటీ 2022లోనే మార్కులు మళ్లీ తప్పనిసరి చేసింది. డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం 2024లో అదే బాట పట్టాయి. కొలంబియా మాత్రం పిల్లల ఇష్టానికి వదిలేసింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లైతే ఎంత వచ్చినా ప్రవేశాలకి ఆ మార్కులు చూడనే చూడవు. అక్కడికే వెళ్లదలచిన పిల్లల్ని ఈ పరీక్షల కోసం వేధించడం అన్యాయం.

మనకి ఒక్క ర్యాంకు మీద బతుకంతా ఆధారపడ్డ రోజులు గుర్తు. ఆ భయం మనదే, వాళ్లది కాదు. ఇక్కడ నాలుగేళ్ల గ్రేడ్లూ, వ్యాసాలూ, టీచర్ల ఉత్తరాలూ కూడా కలిపి చూస్తారు. అందుకని ఆ శనివారం మధ్యాహ్నం మీ బిడ్డ గది తలుపు తీసుకుని బయటికి రాగానే ఎంతొచ్చిందని అడక్కండి. అన్నం పెట్టండి. ఎక్కడ అలిసిపోయిందో, ఏది ఇష్టంగా చేసిందో తనే చెబుతుంది, అది వినండి.