ఇద్దరు లక్ష్ములు – ఒక రిజిస్టరు

మీ బడి లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చేటప్పుడు రాసుకునే రిజిస్టరును ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? పేజీ నిండా నిలువు గీతలు ఉంటాయి. తేదీ, విద్యార్థి పేరు, తరగతి, పుస్తకం పేరు, రచయిత పేరు, తిరిగి ఇచ్చిన తేదీ. ఎవరు పుస్తకం తీసుకున్నా మాష్టారు ఒక వరుస రాస్తారు. ఇంతకంటే సులువైన ఏర్పాటు ఏముంటుంది అనిపిస్తుంది.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా సెక్షనులో ఇద్దరు కె. లక్ష్ములు ఉండేవారు. సంవత్సరం చివర లెక్క చూస్తే ఒక పుస్తకం తిరిగి రాలేదు. రిజిస్టరులో ‘కె. లక్ష్మి, 9-బి’ అని ఉంది. ఏ లక్ష్మి? ఎవరూ తేల్చలేకపోయారు. చివరకు పుస్తకం తీసుకోని లక్ష్మి ఏడుస్తూ జుల్మానా కట్టింది. వేసవి సెలవుల్లో ఆ పుస్తకం రెండో లక్ష్మి ఇంట్లో అటక మీద దొరికింది! ఇందులో మాష్టారి తప్పేమీ లేదు. ఆ రిజిస్టరు గీసిన తీరులోనే తప్పుంది.

అలాంటి రిజిస్టరును ఉన్నదున్నట్టు కంప్యూటరులోకి ఎక్కిస్తే తప్పు కూడా దానితోపాటే ఎక్కుతుంది. సమాచారాన్ని ఏ పట్టికలో, ఏ గడిలో పెట్టాలో ముందుగా ఆలోచించడాన్నే డేటాబేస్ రూపకల్పన అంటారు. దీనికి కంప్యూటరు అక్కర్లేదు. కాగితం, పెన్సిలు చాలు.

మన రిజిస్టరులో ఇంకా ఏమేం చిక్కులున్నాయో చూడండి. ఒకే పుస్తకాన్ని ఇరవై మంది చదివితే దాని పేరు ఇరవైసార్లు రాయాలి. ఒకసారి ‘నక్షత్రాల కథ’ అనీ, మరోసారి ‘నక్షత్రముల కథ’ అనీ రాశారనుకోండి. మనకు రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేరువేరు పుస్తకాలు! ఒక విద్యార్థి సెక్షను మారితే పాత వరుసలన్నీ వెతికి దిద్దాలి. వాటిలో ఒక్కటి మరిచిపోయినా అతడు ఒకేసారి రెండు సెక్షన్లలో ఉన్నట్టు అవుతుంది. కొత్తగా కొన్న పుస్తకాన్ని ఎవరైనా తీసుకునేదాకా రాయడానికి చోటే ఉండదు. పాత వరుసలు కొట్టేస్తే, ఒక్కసారే బయటికి వెళ్ళిన పుస్తకం రచయిత ఎవరన్నది కూడా వాటితోపాటే పోతుంది.

ఇన్ని చిక్కులకూ కారణం ఒకటే. విద్యార్థి, పుస్తకం, అరువు అనే మూడు వేరు విషయాలను ఒకే పట్టికలో కుక్కాము. విడదీద్దాం.

విద్యార్థుల పట్టికలో అడ్మిషన్ నెంబరు, పేరు, తరగతి ఉంటాయి. 417 – కె. లక్ష్మి – 9-బి. తరువాత 452 – కె. లక్ష్మి – 9-బి. పేర్లు ఒకటే అయినా నెంబర్లు వేరు కదా! పుస్తకాల పట్టికలో పుస్తకం నెంబరు, పేరు, రచయిత ఉంటాయి. 1086 – నక్షత్రాల కథ – రచయిత పేరు. ఇక అరువుల పట్టికలో పేర్లే రాయం. తేదీ, 452, 1086. అంతే! లైబ్రరీలో ‘నక్షత్రాల కథ’ ప్రతులు రెండుంటే రెండింటికీ వేరువేరు నెంబర్లు వేయాలి, సుమా.

పట్టికలో ఒక వరుసను మరో వరుస నుంచి తిరుగులేకుండా వేరుచేసే నెంబరును ప్రైమరీ కీ అంటారు. ఒక పట్టిక కీ మరో పట్టికలో కనిపిస్తే, అక్కడ దానిని ఫారిన్ కీ అంటారు. ఫారిన్ అన్నారని విదేశాలనుంచి వచ్చిందనుకోకండి. పక్క పట్టికనుంచి వచ్చిన చుట్టం అన్నమాట. 452ను పట్టుకుని విద్యార్థుల పట్టికకూ, 1086ను పట్టుకుని పుస్తకాల పట్టికకూ వెళితే కథంతా తెలిసిపోతుంది. ఇలా పట్టికలను కలిపి చదవడాన్ని జాయిన్ అంటారు.

ఈ పద్ధతికి గణితపు పునాది వేసినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపి, తరువాత అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో చేరాడు. అంతకుముందు, కంప్యూటరులో ఏ దారిన వెళితే ఏ సమాచారం దొరుకుతుందో ప్రోగ్రాము రాసేవారే గుర్తుంచుకోవలసి వచ్చేది. అమరిక మారిస్తే ప్రోగ్రాము మూలపడేది. ‘ఏది కావాలో’ అడిగితే చాలు, ‘ఎలా వెతకాలో’ యంత్రమే చూసుకోవాలన్నది 1970లో కాడ్ రాసిన వ్యాసపు సారం. అలా అడగడానికి ఆ కంపెనీలోనే పుట్టిన భాష ఎస్.క్యు.ఎల్. అందులో సెలెక్ట్ అంటే ఏ గడులు కావాలో, ఫ్రమ్ అంటే ఏ పట్టికనుంచో, వేర్ అంటే ఏ షరతు మీదో చెప్పడం. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు.

సరే, పట్టికలు కంప్యూటరులో ఉన్నాయి. లక్ష్మి తన దగ్గరున్న పుస్తకాల జాబితాను ఇంటినుంచే ఫోనులో చూడాలంటే? ఇక్కడే వెబ్ పేజీ వస్తుంది. ఫోనులోని బ్రౌజరు 452 అనే నెంబరును సర్వరుకు పంపుతుంది. సర్వరు డేటాబేసును అడిగి, వచ్చిన వరుసలతో అప్పటికప్పుడు ఒక పేజీ తయారుచేసి పంపుతుంది. క్షణం కిందట ఆ పేజీ ఎక్కడా లేదు! అందుకే పుస్తకం పేరును పట్టికలో ఒక్కచోట దిద్దితే, ఆ తరువాత తయారయ్యే ప్రతి పేజీలోనూ సరైన పేరే వస్తుంది.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌ను ప్రతిపాదించాడు. తొలినాటి పేజీలు చాలావరకు ముందే రాసిపెట్టిన కాగితాల్లాంటివి. నేటి పేజీలో మూడు భాషలు పనిచేస్తాయి. ఇది శీర్షిక, ఇది పట్టిక అని చెప్పేది హెచ్.టి.ఎం.ఎల్. రంగు, అక్షరాల పరిమాణం, అమరిక చూసేది సి.ఎస్.ఎస్. మీరు వేలితో తాకితే స్పందించేది జావాస్క్రిప్టు. నెంబరుకు బదులు పేరు కొడితే జావాస్క్రిప్టు అక్కడే ఆపగలదు. అయినా సర్వరు మళ్ళీ సరిచూసుకోవలసిందే. బయటనుంచి వచ్చినదాన్ని నమ్మకపోవడం సర్వరుకు ఉండవలసిన మంచి గుణం.

పదో తరగతి ఫలితాలు చూసేటప్పుడు హాల్‌టికెట్ నెంబరు ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమైందా? 5 లక్షల మంది పరీక్ష రాశారనుకుందాం. నెంబర్లు వరుసలో ఉంటే, నిఘంటువులో మాట వెతికినట్టు మధ్యకు వెళ్ళి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ పోవచ్చు. ఎంత ఎక్కువైనా 19 చూపుల్లో మీ నెంబరు దొరుకుతుంది. కావాలంటే 5 లక్షలను రెండుతో భాగిస్తూ పోయి లెక్కపెట్టుకోండి. డేటాబేసులో ఇలా వెతకడానికి వీలుగా ఉంచుకునే జాబితా పేరు ఇండెక్స్. అది ఇంతకంటే కాస్త తెలివిగానే పనిచేస్తుంది.

ఇప్పుడు మీకొక పని. ఒక పుస్తకాన్ని ఇద్దరు రచయితలు కలిసి రాశారు. మన పుస్తకాల పట్టికలో రచయితకు ఒక్క గడే ఉంది. రెండో గడి గీస్తే ముగ్గురు రాసిన పుస్తకం వస్తుంది. ఒకే గడిలో ఇద్దరినీ ఇరికిస్తే, రెండో రచయిత పుస్తకాలన్నీ వెతకడం కష్టమవుతుంది. ఎలా? కాగితం తీసి గీయండి. అరువుల పట్టికను ఎలా కట్టామో ఒకసారి మళ్ళీ చూస్తే దారి దొరుకుతుంది.