రేసింగ్ డ్రైవర్ కావాలనుందా? లెక్క చూసుకుని దిగండి

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక ఈ చుట్టుపక్కల పిల్లల కబుర్లలో కార్ల ఊసు పెరిగింది. 2019లో సెల్టోస్‌తో మొదలైన ఆ ప్లాంటును ఏడాదికి 3 లక్షల కార్లు తయారయ్యేలా కట్టారు. కార్లు తయారు చేయడం సరే, వాటిని పందెంలో నడపడమే బతుకుదెరువు చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. అయితే ఇది నెల జీతంతో మొదలయ్యే కొలువు కాదు. మొదటి కొన్నేళ్లు చేతి చమురే వదులుతుంది. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి దిగడం మంచిది.

టీవీలో చూసే అమెరికా స్టాక్ కార్ రేసులను నడిపేది 1948లో పుట్టిన నాస్కార్ సంస్థ. తొలినాళ్లలో షోరూముల్లో అమ్మే కార్లతోనే పోటీ పడేవారు. ఇప్పుడు పోలిక మాత్రమే మిగిలింది. లోపలంతా ఉక్కు గొట్టాల చట్రం, వి8 ఇంజిన్. ప్రధాన సిరీస్‌లో ఏడాదికి 36 పాయింట్ల రేసులుంటాయి. ఎక్కువగా కోడిగుడ్డు ఆకారపు ట్రాకులే కాబట్టి, ఎడమకు తిప్పుతూ పోవడమేగా అనిపిస్తుంది. కానీ టాలడేగా ట్రాకులో మలుపు 33 డిగ్రీల వాలుతో ఉంటుంది, పక్కన అంగుళాల దూరంలో ఇంకో కారు. అక్కడ డ్రైవర్ చేసే అసలు పని కారు నాడి పట్టడం. మలుపులో ముందు టైర్లు తిరగనని మొండికేస్తే రేడియోలో ‘టైట్’ అంటాడు. వెనక భాగం పక్కకు జారిపోతుంటే ‘లూజ్’ అంటాడు. ఆ మాట పట్టుకుని పిట్‌లో సిబ్బంది వెనక స్ప్రింగు బిగింపును కొద్దిగా మారుస్తారు, టైర్లలో గాలి సరిచేస్తారు. కారుకు ఏమైందో చెప్పలేని డ్రైవర్‌కు ఎంత తెగువ ఉన్నా వెనకబడక తప్పదు. క్యాబిన్‌లో వేడి 50 డిగ్రీలు దాటుతుంది. 2001లో డేటోనా రేసులో డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాక, అదే ఏడాది తల, మెడలను కాపాడే పరికరాన్ని తప్పనిసరి చేశారు.

ఇక మన దేశం సంగతి. నాస్కార్ తరహా పోటీలు ఇక్కడ లేవు. ఫార్ములా వన్‌లో 2005లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్, 2010 మార్చిలో నాస్కార్ ట్రక్ సిరీస్‌కు వెళ్లి మార్టిన్స్‌విల్‌లో తన తొలి రేసును 13వ స్థానంలో ముగించాడు. మన తెలుగువాళ్లలో హైదరాబాద్‌కు చెందిన అనిందిత్ రెడ్డి 2016లో యూరో జేకే టైటిల్ గెలిచాడు. స్టాక్ కార్లకు దగ్గరగా మనకున్నది ఇండియన్ టూరింగ్ కార్స్ విభాగం. రోడ్డు మీద తిరిగే కార్లనే మార్పులు చేసి చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనూ నడుపుతారు.

దారి మొదలయ్యేది చిన్న బండ్లతో నడిపే కార్టింగ్‌తో. హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్లలోనే బెంగళూరు ఉంది, అక్కడ ట్రాకులున్నాయి, పైగా మన సరిహద్దు పిల్లలకు కన్నడం కొత్త కాదు. తర్వాత శిక్షణ, వైద్య పరీక్ష, మోటార్ క్రీడల జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు, ఆపైన ఫార్ములా ఎల్‌జీబీ లాంటి పోటీలు. ఎంట్రీ ఫీజు, టైర్లు, గుద్దుకుంటే రిపేరు ఖర్చు అన్నీ పోటీదారుడి నెత్తినే. అందుకే ఎదిగిన డ్రైవర్లు సగం రోజులు స్పాన్సర్ల గుమ్మాల ముందే గడుపుతారు. గెలిచిన ఫొటోలు చూసి మురిసేవాళ్లు ఈ తిరుగుడును లెక్కలోకి తీసుకోరు.

డబ్బు దన్ను లేనివాళ్లకు నా సలహా వేరు. పాలిసెట్ రాసి మెకానికల్ లేదా ఆటోమొబైల్ డిప్లొమాలో చేరండి, వీలైతే తర్వాత బీటెక్ చేయండి. బాహా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో విద్యార్థులే బండిని డిజైన్ చేసి, తయారు చేసి, నడుపుతారు. సొంత కారు లేని కుర్రాడికైనా అమ్మాయికైనా స్టీరింగు అందే చవకైన దారి ఇదే. డ్రైవింగ్ అబ్బకపోయినా రేస్ మెకానిక్, డేటా ఇంజినీర్, కార్ల కంపెనీల్లో వాహన పరీక్షల విభాగం లాంటి జీతం వచ్చే పనులకు ఆ అనుభవం ఉపయోగపడుతుంది. ర్యాలీల్లో డ్రైవర్ పక్కన కూర్చుని దారి చదివి చెప్పే నావిగేటర్ పాత్ర కూడా ఉంది. దానికి లెక్క, తొణకని గొంతు ముఖ్యం.

ఒక హెచ్చరిక. ఎన్‌హెచ్ 44 మీద అర్ధరాత్రి బైకులతో, కార్లతో పందేలు కట్టడం శిక్షణ కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద తొలిసారి పట్టుబడితే మూడు నెలల వరకు జైలు లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ ఉంటాయి. లైసెన్సు ఉన్న రేసర్లు ఈ పని చేయరు.

ఈ వేసవి సెలవుల్లో బెంగళూరు వెళ్లి కార్టింగ్ ట్రాకు మీద ల్యాప్ టైమ్ తీయించుకోండి. ఆ రోజు అక్కడ వేగంగా తిరిగినవాళ్ల టైమ్‌తో పోల్చి చూసుకున్నాకే ఇంట్లో డబ్బు అడగండి.