విరిగిన గడ

ఎత్తైన మేడల కిటికీ అద్దములు ఉదయపుటెండలో తళతళ మెరయుచుండుట మనము నిత్యము చూచుచునే యున్నాము. కాని వానిని అట్లు మెరయజేయువారిని గమనించువారు కొందరే. సముద్రతీరమందున్న విశాఖపట్టణము వంటి నగరములలో వారికి పని మెండు. కడలిగాలితో వచ్చు ఉప్పునీటి తుంపరలు అద్దములపై ఆరిపోయి తెల్లని పొరగా పేరుకొనును. ఆ పొరను మంచినీటితో కడిగి తుడువకున్నచో కొలది దినములలోనే అద్దము మసకబారును.

రెండు మూడంతస్తుల మేడలకు నిచ్చెన వేయకుండ, నేలపై నిలువబడియే అద్దములు కడుగుటకు పనివారు పొడవైన గడలను వాడుదురు. వానిలో అనేకము ఫైబరుగ్లాసుతో చేయబడినవి. అట్టి గడ ఒకే కఱ్ఱవలె నుండదు. ఒక గొట్టములో మరియొక గొట్టము, దానిలో ఇంకొకటి ఇమిడియుండును. దుర్భిణి గొట్టములను లాగినట్లు వానిని లాగి, బిగింపులు బిగించినచో గడ పొడవగును. దాని కొనయందు కుంచె యుండును.

విశాఖపట్టణములో ఒక యువకుడు ఈ వృత్తితో జీవించుచుండెను. ఆరు మీటరుల గడ యొకటి, రెండు బకెట్లు, కొన్ని గుడ్డలు - ఇవియే వాని పనిముట్లు. ఒకనాడు వాడు గడను పొడవుగా లాగి, దారిప్రక్కన పరుండబెట్టి, నీటికై పోయెను. ఇంతలో ఒక ఆటో వెనుకకు వచ్చి దానిపై ఎక్కెను. లోపలి గొట్టములకు హాని కలుగలేదు గాని, అన్నిటికంటె లావైన వెలుపలి గొట్టము నడుమ నలిగి చీలెను. వాడు దానిని ఎత్తి చూచుచుండగనే అది రెండుగా విరిగెను.

క్రొత్త గడ కొనవలెనన్న అనేక దినముల కూలి కావలెను. ఆ సాయంకాలమునకే పని ముగింతునని వాడు మేడ యజమానికి మాట యిచ్చియుండెను. అందుచే దుకాణమునకు పోయి, క్షణములో అంటుకొను జిగురును, నల్లని టేపును కొనితెచ్చెను. విరిగిన కొనలకు జిగురు పూసి, ఒకదానికొకటి ఆనించి, పైన పది చుట్లు టేపు చుట్టెను. చూచుటకు గడ బాగుగనే యుండెను. వాడు సంతోషించి దానిని పైకెత్తెను.

రెండవ అంతస్తు కిటికీని కుంచె తాకినదో లేదో, అతుకు ఊడెను. తడిసి బరువెక్కిన కుంచెతో గడ పైభాగమంతయు క్రిందికి కూలెను. ఆ మేడ ముంగిట ఒక ముదుసలి పూలు అమ్ముకొనుచు కూర్చుండియుండెను. కుంచె ఆమెకు మూరెడు దూరములో పడి, పూలబుట్టను చితుకగొట్టెను. యువకుడు గడగడ వణకుచు ఆమెయొద్దకు పరుగెత్తి, "అవ్వా! నన్ను క్షమింపుము. నీ పూలకు వెల నిచ్చెదను" అనెను.

ఆమె చెదరిన పూలను ఏరుకొనుచు, "నాయనా! పూలు రేపు మరల పూయును. నా తల పగిలియున్నచో దానిని కూడ ఆ టేపుతోనే అతికియుందువా?" అని యడిగెను.

ఆ మాట వాని మనస్సులో ములుకువలె నాటెను. ఆ దినము పని విరమించుకొని, మేడ యజమానికి జరిగినది చెప్పి, వారము దినములు గడువు వేడుకొనెను. పిమ్మట విరిగిన గడను భుజమున వేసికొని చేపలరేవునకు పోయెను. నేడు ఆంధ్రతీరమున జాలరులు అనేకులు కఱ్ఱ తెప్పలకు మారుగా ఫైబరు పడవలను వాడుచున్నారు. ఆ పడవలకు పగుళ్లు వచ్చినపుడు బాగుచేయువారు రేవులో నుందురు. వారిలో ఒక వృద్ధుడు గడను చేతికి తీసికొని, టేపు విప్పి, విరిగిన చోటును చాలసేపు పరీక్షించెను.

"అబ్బాయీ! దీనిని అతుకుటకు ముందు ఇది దేనితో చేయబడినదో తెలియునా?" అని వృద్ధుడు ప్రశ్నించెను.

"గాజుతో చేసినదని విందును. కాని గాజు వంగదు గదా, తాతా!" అని వాడు బదులు పలికెను.

వృద్ధుడు నవ్వి, విరిగిన కొననుండి వెలికి వచ్చిన తెల్లని పోగులను చూపెను. గాజుపలక చేయి జారినచో పగులును. ఆ గాజునే కరగించి మిక్కిలి సన్నని పోగులుగా తీసినచో అవి దారమువలె వంగును. లాగినను సులభముగా తెగవు. ఒక్కొక్క పోగు మన తలవెండ్రుక మందములో సుమారు అయిదవ వంతు మాత్రమే యుండును. 1930 తరువాతి దశాబ్దములో అమెరికాలో ఇట్టి పోగులను విరివిగా తీయు పద్ధతి రూపొందెను. ఆ పనిలో గేమ్స్ స్లేటర్ అను ఇంజనీరు ప్రముఖుడు. పోగులు విడిగా నున్నచో నారకట్ట వంటివే. వానిని రెజిను అను జిగురుతో తడిపి గట్టిపరచినపుడు గడయు, పడవయు తయారగును. పోగులు బలము నిచ్చును; రెజిను వానిని కదలకుండ పట్టియుంచును.

"వెదురును చూచితివి గదా! దాని నార నిలువుగా సాగియుండును, నడుమ బోలు. నీ గడయు నట్టిదే" అని వృద్ధుడు చెప్పెను. గడ వంగినపుడు ఒక ప్రక్కనున్న పోగులు సాగును; ఎదుటి ప్రక్కవి నొక్కుకొనును. సరిగా నడుమనున్న భాగమునకు శ్రమ యుండదు. కావుననే నడుమ బోలుగా నున్న గొట్టము, అంతే బరువుగల సన్నని గట్టి కడ్డీకంటె తక్కువగా వంగును. గెలీలియో 1638లో ప్రకటించిన తన గ్రంథములో రెల్లుకాడల, పక్షుల యెముకల బలమును గూర్చి ఈ విషయమునే చర్చించెను.

యువకుని జిగురు ఏల ఊడెనో ఇప్పుడు తేటపడినది. విరిగినచోట పోగులన్నియు తెగిపోయినవి. రెండు మిల్లీమీటరుల మందము గల గొట్టపు అంచులకు మాత్రమే జిగురు అంటెను. టేపు చుట్టు చుట్టబడినదే గాని, గడ పొడవున లాగుడును భరింపలేదు. 

"పుత్తూరు కట్టును గూర్చి వినియుందువు. విరిగిన ఎముకకు వెదురుబద్దలు పెట్టి కట్టుదురు. కాని ఎముక తనంతట తాను అతుకుకొనును. అప్పుడు కట్టు విప్పివేయుదురు. గాజుకు ప్రాణము లేదు. అది ఎన్నటికిని అతుకుకొనదు. మనము వేయు కట్టే ఎల్లకాలము బరువు మోయవలెను" అని వృద్ధుడు వివరించెను.

"అట్లయినచో లోపల ఇనుపగొట్టము దూర్చరాదా?" అని యువకుడు అడిగెను.

"దూర్పరాదు. లోపలి గొట్టములు ముడుచుకొనుటకు అది అడ్డు వచ్చును, బరువు పెరుగును. అంతకంటె ముఖ్యమైనది విద్యుత్తు. వీథులలో 11,000 వోల్టుల తీగెలు పోవుచుండును. ఫైబరుగ్లాసు పొడిగా నున్నపుడు విద్యుత్తును ప్రవహింపనీయదు. ఇనుము దూర్చినచో ఆ గుణము చెడును. తడిసిన గడకు ఆ గుణమును నమ్మరాదు. గడ ఎట్టిదైనను తీగెల దగ్గరకు పోనేరాదు" అని వృద్ధుడు హెచ్చరించెను.

పిమ్మట పని ప్రారంభమయ్యెను. ఇద్దరును ముక్కునకు మాస్కులు, కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు ధరించిరి. ఫైబరును రాచినపుడు లేచు గాజుధూళి చర్మమునకు దురద పుట్టించును. ఊపిరితో లోనికి పోయినచో హాని చేయును. మొదట నలిగిన భాగమును సన్నని రంపముతో కోసివైచిరి. గడ కొంచెము పొట్టిదైనను, నలిగిన పోగులను మిగుల్చుటకంటె అదియే మేలు. తరువాత కొనలను గరుకు కాగితముతో వాలుగా అరుగదీసిరి. గొట్టపు మందమునకు పన్నెండు రెట్లు, అనగా ఒక్కొక్క వైపు 24 మిల్లీమీటరుల వరకు ఆ వాలు సాగెను. దానికి ఆవల ఇరువైపుల జానెడు మేర నునుపు పోవునట్లు రాచిరి. నునుపైన తావున రెజిను గట్టిగా పట్టదు. ధూళిని దులిపి, అసిటోనుతో తుడిచిరి.

రెండు ముక్కలు వంకర లేకుండ నిలుచుటకు వృద్ధుడొక ఉపాయము చేసెను. లోపలి గొట్టమునకే పలుచని పాలిథీను చుట్టి, రెండు ముక్కలలోనికి దూర్చి, కొనలు కలియునట్లు నిలిపెను. ఎపాక్సీ రెజిను పాలిథీనును అంటుకొనదు. కావున పని ముగిసిన పిమ్మట గొట్టమును వెలికి లాగవచ్చును. పడవలకు సామాన్యముగా వాడు పాలియెస్టరు రెజిను చౌకయైనను, గట్టిపడిన పాత ఫైబరును పట్టుకొనుటలో ఎపాక్సీయే మిన్న.

రెజినును, దానిని గట్టిపరచు ద్రవమును డబ్బాపై వ్రాసిన పాళ్ల ప్రకారము త్రాసులో తూచి కలుపుచుండగా, యువకుడు, "తాతా! గట్టిపరచు ద్రవము మరికొంత పోసినచో త్వరగా ఆరును గదా!" అనెను.

"ఎపాక్సీలో ఆ రెండును ఒకదానితో నొకటి కలసి క్రొత్త పదార్థమగును. ఒకటి ఎక్కువైనచో జత దొరకనిది మిగిలిపోయి, అతుకు మెత్తబడును. తొందరకు తావు లేదు" అని వృద్ధుడు మందలించెను.

మొదట పోగులు గడ పొడవున వచ్చునట్లు గాజుగుడ్డను పరచి, కుంచెతో రెజిను అద్దిరి. తెల్లని గుడ్డ తడిసినకొలది పారదర్శకమయ్యెను. ఎచ్చటనైన తెల్లని మచ్చ మిగిలినచో, అచ్చట గాలి చిక్కినదని గ్రహించి, నడుమనుండి అంచులకు నొక్కి వెడలించిరి. ఒక్కొక్క పొర క్రిందిదానికంటె కొంచెము వెడల్పుగా నుండునట్లు వేసిరి. నిలువు పొరలు వంపును భరించుటకు. చివర చుట్టు చుట్టిన పొర, బండిచక్రమునకు పట్టా వలె, గొట్టము చీలకుండ కాపాడుటకు. మిగులు రెజినును తుడిచివైచిరి. అది బరువునే గాని బలమును పెంచదు.

మరునాటికి అతుకు గట్టిపడెను. అయినను పూర్తి బలము వచ్చుటకు వారము దినములు పట్టునని వృద్ధుడు గడను నీడలో నుంచెను. ఎనిమిదవ దినమున అతుకుపై నాణెముతో తట్టుచు వినిరి. లోన పొర విడిపోయినచోట మొద్దుచప్పుడు వచ్చును; ఇచ్చట అంతటను ఒకే స్పష్టమైన ధ్వని వచ్చెను. తరువాత ఆ గొట్టమును రెండు బల్లలపై నుంచి, అతుకు వద్ద పది లీటరుల నీటి బకెట్టు వ్రేలాడదీసి, దూరముగా నిలిచి చెవి యొగ్గిరి. పటపటమను చప్పుడు లేదు. బకెట్టు తీయగనే గొట్టము మునుపటివలె తిన్ననయ్యెను. అప్పుడు గడను కూర్చి, జనము లేని ఇసుకతిన్నెపై ఎత్తి చూచిరి.

"ఇది కుంచెను మోయును. మనిషి బరువు మోయు నిచ్చెన విరిగినచో మాత్రము నాయొద్దకు తేవలదు; దానిని పారవేయుము" అని చెప్పి వృద్ధుడు గడను వానికిచ్చెను.

యువకుడు మరల ఆ మేడయొద్దకు పోయెను. గడను ఎత్తుటకు ముందు ముంగిట నాలుగు మూలల త్రాడు కట్టి, పూలమ్ము ముదుసలియొద్దకు పోయి, "అవ్వా! కొంచెము ఆవలికి జరుగుదువా?" అని వేడెను.

"ఏమి నాయనా! గడ బాగుపడలేదా?" అని ఆమె యడిగెను.

"బాగుపడినది, అవ్వా! అయినను జరుగుము" అని వాడు పలికి, పూలబుట్టను తానే యెత్తి త్రాటికి ఆవల నుంచెను.

విద్యార్థులారా! ఆ యువకుడు మొదటిసారి చేసిన పని విరుగును కప్పిపుచ్చుట. రెండవసారి చేసినది బాగుచేయుట. చూచువారికి ఈ రెండింటి భేదము తెలియకపోవచ్చును గాని, బరువు పడినపుడు బయటపడును. ఏ వస్తువునైనను అతుకబూనినపుడు, దాని బలము ఎచ్చట నున్నదో తెలిసికొనుడు. చేసిన పనిని పరీక్షించి గాని నమ్మకుడు. ఆ పరీక్షలో నెగ్గిన పిమ్మటను, క్రింద కూర్చున్నవారిని మరువకుడు.