తేయాకు మన డెల్టాలో పండుతుందా?

రోజూ తాగే టీయే కదా, నాలుగు మొక్కలు వేద్దామని తొందరపడి డబ్బు పెట్టకండి. ముందు ఈ సంగతులు చూడండి.

గ్రీన్ టీ, మామూలు టీ, ఊలాంగ్ వేర్వేరు మొక్కలు కావు. అన్నీ ఒకే తేయాకు మొక్కవి. తేడా అంతా కోశాక చేసే పనిలోనే ఉంది. కోసిన ఆకును వెంటనే వేడిచేసి ఆరబెడితే గ్రీన్ టీ. వాడబెట్టి, నలిపి, గాలికి బాగా రంగు మారనిచ్చి ఆరబెడితే మామూలు టీ. ఆ మార్పును మధ్యలో ఆపితే ఊలాంగ్. లేత మొగ్గల్ని నలపకుండా ఆరబెడితే తెల్ల టీ.

ఈ మొక్కకు ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 ఉండే ఆమ్ల నేల, ఏడాది పొడుగునా తేమ కావాలి. నీరు మాత్రం నిలవకూడదు. మన డెల్టా బరువు నేలల్లో అంత ఆమ్లగుణం ఉండదు. తుఫాను వానకు మురుగు నిలిచిందంటే వేరు దెబ్బతింటుంది. పైగా కోసిన ఆకు గంటల్లో ఫ్యాక్టరీ చేరాలి. దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే ఆకు కొనేదెవరు?

కొబ్బరి నీడలో మనకు అచ్చొచ్చిన అంతరపంట కోకో. మురుగు పోయే తోటైతే దాని గురించి ఆలోచించండి. మొక్కలు కొనే ముందే మట్టి పరీక్ష చేయించి, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో సలహా తీసుకోండి.