ఫైలు ఎందుకు ఆగింది? ఆ జవాబుకే జీతం

గోదావరిఖనిలో డిగ్రీయో బీటెక్కో చేతికొచ్చిన పిల్లలకు మామూలుగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి సింగరేణి నోటిఫికేషన్ కోసం కాచుకోవడం. రెండోది రామగుండం స్టేషన్లో రైలెక్కి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో తేలడం. మొదటి దారి ఇరుకవుతోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు వచ్చారు. ఓపెన్‌కాస్టులు, పెద్ద యంత్రాలు వచ్చాక బాయి పనికి పాతంత మంది అక్కర్లేదు. రెండో దారిలో ఎవరి రెజ్యూమే చూసినా అవే కోర్సులు, అవే మినీ ప్రాజెక్టులు.

క్వార్టర్లో కూర్చునే మొదలుపెట్టగల ఇంకో దారి ఉంది. ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో ఎవరికీ అంతగా మోజు లేని ఒక మూలను పట్టుకుని, దాని అంతు చూడటం. ఉదాహరణకు నేను చూపించేది చాటింగ్ ప్రోగ్రాముల్లో ఫైలు పంపే పని.

1998లో గెయిమ్ పేరుతో మొదలై 2007లో పిడ్జిన్‌గా మారిన ప్రోగ్రాం ఉంది. సీ భాషలో రాశారు. పైథాన్ వచ్చినవాళ్లకు గాజిమ్ ఉంది, వాలా భాషలో రాసిన డినో ఉంది. ఈ మూడూ ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ ప్రోటోకాల్‌తో మాట్లాడతాయి. కోడ్ ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, దిద్దినదాన్ని పంపొచ్చు. మాటలు పంపడం వీటికి ఎప్పుడో అలవాటైపోయింది. పేచీ అంతా ఫైళ్లతోనే.

ఎందుకో చూద్దాం. పాత పద్ధతిలో పంపేవాడి కంప్యూటర్ తన చిరునామాలు ఇస్తుంది, అందుకునే కంప్యూటర్ ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తుంది. ఇంట్లో రూటర్ వెనకున్న కంప్యూటర్ చెప్పే చిరునామా సాధారణంగా 192.168తో మొదలవుతుంది. అది ఆ ఇంటి గడప దాటి పనిచేయదు. మధ్యలో ప్రాక్సీ సర్వర్ ఉంటే సరే, లేకపోతే టైమౌట్ అయ్యేదాకా తెరమీద సున్నా శాతమే. ఇక చివరి ఉపాయం, ఫైలును ముక్కలు చేసి మాటలు వెళ్లే దారిలోనే తోయడం. దీని నియమాలు ఎక్స్‌ఈపీ-0047 అనే పత్రంలో ఉన్నాయి. ముక్క సైజు సాధారణంగా 4096 బైట్లు. ఒక ముక్క అందిందన్న కబురు వచ్చాకే తర్వాతిది పంపమని ఆ పత్రం సలహా.

ఇక్కడ కాగితం, పెన్ను తీయండి. కబురు వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 5 ముక్కలు, అంటే 20 కేబీ. నెట్ ఎంత స్పీడున్నా అంతకు మించి కదలదు. 30 ఎంబీ ఫైలుకు 25 నిమిషాల పైమాటే. పైగా బేస్64లోకి మార్చడం వల్ల ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలై, 30 ఎంబీ కాస్తా 40 ఎంబీ అవుతుంది. ఇరవై మూడో నిమిషంలో సిగ్నల్ పోయిందనుకోండి, ప్రోగ్రాంకు ఆగిన చోటు నుంచి అందుకోవడం తెలియకపోతే మళ్లీ మొదటి నుంచే. కన్వేయర్ బెల్టు ఆగిందని అప్పటిదాకా పైకొచ్చిన బొగ్గును ఎవరూ తిరిగి బావిలోకి దించరు కదా! జింగిల్ అనే తర్వాతి పద్ధతిలో ఎక్కడి నుంచి కొనసాగించాలో చెప్పే ఏర్పాటు, అందిన ఫైలు అసలుదేనా అని హాష్‌తో సరిచూసుకునే ఏర్పాటు ఉన్నాయి. ఇంకో పద్ధతిలో ఫైలును ముందు సర్వర్‌కెక్కించి అవతలివాళ్లకు లింకు పంపుతారు. అవతలి మనిషి ఆన్‌లైన్‌లో లేకపోయినా పని జరుగుతుంది, కానీ సైజు పరిమితి ఆ సర్వర్ ఇష్టం.

ఈ పనికి మన ప్రాంతం వెనకబడ్డది కాదు, నిజానికి అనువైనది. జియో లాంటి మొబైల్ నెట్‌లో ఐపీవీ4 చిరునామాను చాలామంది కలిసి వాడుకుంటారు కాబట్టి నేరుగా కనెక్షన్ కుదరడం కష్టం. మంచి ఫైబర్ ఉన్న ఊళ్లో కూర్చుని కోడ్ రాసే డెవలపర్‌కు అసలు కనిపించని తప్పు యైటింక్లయిన్ కాలనీలో రోజూ కనిపిస్తుంది. దాన్ని మళ్లీ మళ్లీ రప్పించి చూపగలిగేవాళ్లు ప్రాజెక్టులకు అపురూపం.

సెంటినరీ కాలనీలోని జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినా, ఊళ్లోని డిగ్రీ కాలేజీలో చదివినా, కావలసింది ఒక లైనక్స్ లాప్‌టాప్. ప్రోసడీ అనే చిన్న సర్వర్ ఎక్కించండి. రెండు ఖాతాలు తెరిచి ఒకదానికి పిడ్జిన్, ఇంకోదానికి గాజిమ్ పెట్టండి. లైనక్స్‌లోనే ఉన్న నెటెమ్‌తో కావాలని ఆలస్యం పెట్టండి, కొన్ని ప్యాకెట్లను పడేయించండి. ఏం జరుగుతోందో ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్‌లో చూడండి. ముక్క సైజు మార్చి, ఎంత సేపు పట్టిందో రాసుకోండి. 'ఫైలు వెళ్లడం లేదు' అని రాస్తే అది ఫిర్యాదు. 'ఫలానా వెర్షన్‌లో, ప్రాక్సీ లేకుండా, ఇంత ఆలస్యంతో పంపితే ఇన్ని బైట్ల దగ్గర ఆగింది, లాగ్ ఇదిగో' అంటే అది బగ్ రిపోర్ట్. మొదటిదాన్ని పక్కన పడేస్తారు, రెండోదాన్ని చదువుతారు.

ఆ తర్వాతే కోడ్ జోలికి వెళ్లండి. మొదటి ప్యాచ్ పది లైన్లు దాటకపోతే మంచిది. అర్థంకాని ఎర్రర్ సందేశాన్ని సరిచేయడం, టైమౌట్ అయితే ఆ సంగతి వాడేవాళ్లకు చెప్పడం లాంటివి చాలు. ఏఐ రాసిచ్చిన వంద లైన్లను చదవకుండా పంపితే, ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్ అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఒక సంగతి ముందే తెలిసుండాలి: కోడ్ మార్పుల లెక్క ఉంచడానికి పిడ్జిన్ వాళ్లు గిట్ కాదు, మెర్క్యూరియల్ వాడతారు. కోడ్ అంటే జంకేవాళ్లకు అనువాదం ఉంది. పిడ్జిన్‌కు తెలుగు అనువాద ఫైలు ఎప్పటినుంచో ఉంది. సందేశాలు మారినప్పుడల్లా అలాంటి ఫైళ్లను దిద్దేవాళ్లు కావాలి.

డబ్బు సంగతి. ఓపెన్ సోర్స్ పనికి స్టైపెండ్ ఇచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలైంది, గెయిమ్ ఆ ఏడాదే అందులో ఉంది. 2022 నుంచి చదువుతున్నవాళ్లే కానక్కర్లేదు, 18 నిండిన కొత్తవాళ్లు ఎవరైనా దరఖాస్తు చేయొచ్చు. పాల్గొనే సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చిలో. ఎక్స్‌ఎంపీపీ ప్రమాణాలను చూసే ఫౌండేషన్ చాలా ఏళ్లు పాల్గొంది. ఏ ఏడాదికి ఆ ఏడాది జాబితా చూసుకోవాల్సిందే. స్టైపెండ్ దేశాన్ని బట్టి ఉంటుంది. ఔట్‌రీచీ ఇంటర్న్‌షిప్‌కు మూడు నెలలకు 7,000 డాలర్లు ఇస్తారు, కాకపోతే మన సెమిస్టర్ తేదీలతో చిక్కులొచ్చే నియమాలున్నాయి, ముందే చదవండి. జాబితా వచ్చాక మొదలుపెట్టేవాళ్లకంటే దసరాకే ప్రాజెక్టు చాట్‌రూంలో ముఖపరిచయం ఉన్నవాళ్లకు అవకాశం ఎక్కువ. తెలుగులో అడిగి తెలుసుకోవాలంటే హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ ఉంది, ఇంజనీరింగ్ విద్యార్థులకు శిబిరాలు పెడుతుంటుంది.

గూగుల్, ఔట్‌రీచీల్లో ఎంపిక కాకపోయినా పని వృథా కాదు. 'ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఇంజనీర్ కావలెను' అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. కానీ వీడియో కాల్, టెలికాం, క్లౌడ్ స్టోరేజీ కంపెనీల్లో రోజూ ఎదురయ్యేవి ఈ చిక్కులే: రూటర్ వెనకున్న మెషీన్లు, సగంలో తెగిన కనెక్షన్లు, తేడా వచ్చిన హాష్‌లు. నెట్‌వర్క్ సపోర్ట్, టెస్టింగ్, బ్యాకెండ్ ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు రెజ్యూమేలో 'ఓపెన్ సోర్స్‌పై ఆసక్తి' అని రాయకండి. ఏ ప్రోగ్రాం, ఏ బగ్, ముందు ఎన్ని నిమిషాలు పట్టేది, మీరు దిద్దాక ఎన్ని, ఆ ప్యాచ్ లింకు ఏది... ఇంతే రాయండి. ప్యాచ్‌ను తిప్పికొట్టి ఉంటే ఆ చర్చ లింకైనా ఇవ్వండి. మెయింటైనర్ అభ్యంతరానికి మీరిచ్చిన జవాబును ఇంటర్వ్యూ చేసేవాళ్లు చాలా శ్రద్ధగా చదువుతారు.