పిల్లల కంటిచుట్టు వాపు – బూజుజాతి వ్యాధులు

పసిపిల్లల కనురెప్ప వాచినప్పుడు కంటికురుపనియో, పురుగు కుట్టినదనియో మనము తలంతుము. పెక్కుమార్లు అది నిజమే. కాని వారములు గడచినను వాపు తగ్గక గట్టిపడుచున్నచో వేరొక కారణమును గూడ తలంపవలెను. అదియే శిలీంధ్రము, అనగా బూజుజాతి సూక్ష్మజీవి.

2021లో కోవిడ్‌ వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్ ముఖ్యముగా మధుమేహము అదుపులో లేనివారిని, స్టెరాయిడ్ మందులు అధికముగా వాడినవారిని పట్టినది. కావున ఆరోగ్యముగా ఆడుకొను బిడ్డలకు ఇట్టివి రావని మనము ధైర్యపడుదుము. అరుదుగానైనను వారికిని కొన్ని శిలీంధ్రములు సోకును.

మట్టి, కుళ్ళిన ఆకులు వీని నివాసములు. బేసిడియోబోలస్ అనునది కప్పల, బల్లుల ప్రేగులలోను ఉండును. ఇది చిన్నగాయము ద్వారా చర్మము క్రిందికి చేరి, నొప్పిలేని గట్టివాపు కలిగించును. పిల్లలలో ఇది తరచుగా తొడలపైనను, అరుదుగా ముఖముపైనను కనబడును. కొనిడియోబోలస్ పెద్దవారిలో ఎక్కువ. ముక్కులో మొదలై చెక్కిళ్ళకు, రెప్పలకు ప్రాకును. ఆస్పర్జిల్లస్ ముక్కుప్రక్కనున్న గాలిగదులనుండి కంటిగూటిలోనికి పెరిగి, కనుగ్రుడ్డును మెల్లగా ముందుకు త్రోయును.

నొప్పి, జ్వరము లేకపోవుటచే తలిదండ్రులు ఉపేక్షింతురు. ఇందే ప్రమాదమున్నది. వైద్యులకు సైతము ఇది ఒక్కొక్కప్పుడు క్యాన్సర్ గడ్డవలె తోచును. వాపునుండి చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని నిజము తేలదు. సాధారణ యాంటీబయాటిక్ మందులు శిలీంధ్రమును చంపజాలవు. అంగడిలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ మందు వాపును తాత్కాలికముగా తగ్గించి, లోపల వ్యాధిని పెంచును. కంటిలో ఆకుపసరు పోయుటయు హానికరమే.

తగిన మందులు గలవు. బేసిడియోబోలస్ వ్యాధికి ఇట్రాకొనజోల్, పొటాషియం అయొడైడ్ వంటివానిని వైద్యుని పర్యవేక్షణలో నెలలతరబడి వాడవలసియుండును. వాపు తగ్గినదని నడుమ మానరాదు. ఆస్పర్జిల్లస్‌కు శస్త్రచికిత్సయు అవసరము కావచ్చును.

రెండు వారములైనను తగ్గని వాపును ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున చూపవలెను. అచ్చటివారి సలహాపై హైదరాబాదులోని సరోజినీదేవి నేత్రవైద్యశాలకో, విశాఖపట్టణములోని ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాలకో బిడ్డను తీసికొనిపోవచ్చును. కన్ను ముందుకు వచ్చినను, కదలకున్నను, చూపు మందగించినను, ఎఱ్ఱని వాపుతో జ్వరము వచ్చినను ఆనాడే వైద్యుని చూడవలెను. పిల్లలకు ముల్లు గ్రుచ్చుకొన్నను, గీరుకొన్నను సబ్బునీటితో కడుగుట మన వాడుక కావలెను.