'చిల్లర దేవుళ్లు'లో మన జాలి ఎవరికి?

"ఈ కథలో మీ సానుభూతి ఎవరికి, ఎందుకు?" ఇంగ్లీష్ పరీక్షలో మీ పిల్లలు చూసే ప్రశ్నే ఇది. దానికి ఇంట్లో సాధన చేయించడానికి మన నవలే ఒకటి ఉంది. దాశరథి రంగాచార్య గారు 1928లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టారు. ఆయన 'చిల్లర దేవుళ్లు' నిజాం కాలపు గడీ కథ.

పిల్లలు ముందు సారంగపాణి పేరు చెప్తారు. సంగీతం తెలిసినవాడు, మంచివాడు. కానీ ఆయన బయటి నుంచి వచ్చినవాడు, కావాలంటే వెళ్లిపోగలడు. దొర బిడ్డ మంజరికీ గడీ గోడలు అడ్డమే, అయినా ఆమె దొర బిడ్డ.

వనజ సంగతి వేరు. ఆమె ఆడబాప. దొరల ఇళ్లలో పెళ్లికూతురి వెంట అత్తింటికి పంపే దాసి పిల్లను అలా పిలిచేవారు. జీతం లేదు, పెళ్లి లేదు, దొర పిలిస్తే కాదనే హక్కు లేదు. నా ఓటు వనజకే.

"ఆడబాప అంటే ఏంటి?" అని పిల్లలు అడుగుతారు. దాటెయ్యకండి. ఎనిమిదో తరగతి వాళ్లకు 'జీతం లేని చాకిరీ, కాదనలేని బతుకు' అంటే అర్థమవుతుంది. పాలకుర్తి, కడవెండి వైపు మీ పెద్దవాళ్లుంటే గడీల ముచ్చట వాళ్లనే చెప్పమనండి. 1946లో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది కడవెండిలోనే కదా.

జవాబులో "పాపం వనజ" అని రాస్తే మార్కులు రావు. ఆమె చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది రాయాలి. మీ అబ్బాయి దొర మీదే జాలి పడ్డా కోప్పడకండి, నవలలోంచి కారణం చూపించమనండి.